అంచు సాళ్ళలో పురుగు లేదు

అక్కా,

ముందుగా నా రాతకు కోప్పడకు. నాలుగో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వదలాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అక్షరాలు సాలు తప్పిన నాగలిలా వంకరగా పోతాయి. కాగితం లెక్క పుస్తకంలోంచి చింపింది. ఆకుపచ్చ మరకలు పత్తి కాయల జిగురు.

ఇక్కడ జరిగింది ఎవరితోనైనా చెప్పి పంపుదామంటే నాకు నోరు పెగలదు. పెళ్ళినాడు పేరు అడిగితే కూడా నా బదులు నువ్వే సాయవ్వ అని చెప్పావు కదా. అందుకని లెక్క పుస్తకం కాక నా కోసం దాచి రోజూ రాసుకున్న ఇంకో పుస్తకంలోంచి కొన్ని నీ కోసం ఎత్తి రాస్తున్నాను. రోజులు విత్తిన నాటి నుంచి లెక్క. చివరిదాకా చదువు. మధ్యలో ఆపితే నీ చేనుకే నష్టం.

38వ రోజు

ఊరికీ చేన్లకూ కప్పిన వల పందిరి గీకే వంతు ఈ రోజు మా ఇంటిది. ముఖాలకు నాలుగు మడతల గుడ్డ కట్టుకుని నేనూ, మా తోడికోడలు గంగామణక్కా వల బయటికి పోయాం. అడుగు పెట్టగానే తెల్లదోమ మబ్బులా లేచింది. రెప్పల మీద, చెవుల్లో, గుడ్డ మడతల్లో అవే. అవి విడిచే తీపి బంక వల మీద కారి, ఆ బంక మీద మసి పుడుతుంది. మూడు రోజులు గీకకపోతే లోపల మిట్టమధ్యాహ్నం కూడా మసకే. సబ్బునీళ్ళు చల్లి చీపురుతో రుద్దాం. రుద్దిన చోట పాత నూలు పీచుపీచుగా వచ్చింది. ఈ పంట చేతికొస్తేనే కొత్త వల నేస్తారు. వల లేకపోతే మా ఏడో పందిరిలో పన్నెండు ఇళ్ళూ ఉండవు.

తర్వాత లెక్క. ఇరవై మొక్కలు, ఒక్కో మొక్కకు మూడు ఆకులు, తిప్పి అడుగున చూడాలి. పచ్చదోమ పదకొండు. పేనుబంక రెండు మొక్కల మీద. తామర పురుగు తక్కువ. అక్షింతల పురుగులు ఆరు, పేనుబంక మీదే పడి తింటున్నాయి. దారపు కాడ మీద నిలబెట్టినట్టుండే అల్లిక రెక్కల పురుగు గుడ్లు నాలుగు చోట్ల. సాలీళ్ళు మూడు. ఈ ఊళ్ళో నన్ను చూసి ముఖం తిప్పుకోనివి ఇవే.

ఎందుకు తిప్పుకుంటారో చెప్తాను. చేను మధ్యలో స్తంభం మీద పెద్దచెవి ఉంటుంది, మీకూ ఉంది. రెక్కల చప్పుడు విని ఏ పురుగు ఎన్ని ఉన్నాయో అదే చెప్తుంది. కాయ లోపల ఉన్న పురుగుకు చప్పుడు ఉండదు. రెక్కలొచ్చాక పెద్దచెవి విన్నా అప్పటికి చేసేదేమీ ఉండదు. అందుకే కాయ కోసి చూసే మనిషి కావాలి. సొంతింటి మనిషి సొంత చేను గురించి అబద్ధం రాస్తుందని, ఆ పని కొత్త కోడలికి పెడతారు. మూడు పంటల దాకా ఆమె పరాయిదే. నువ్వు లెక్క చేసినన్నాళ్ళూ మీ అత్త కంచంలోనే తిన్నావు. ఇక్కడ అట్లా కుదరదు. మూడు పంటలు నిండేదాకా కోడలు అత్తింటి మెతుకు ముట్టకూడదు. గింజలిచ్చే కేంద్రమే పంపే రేషను విడిగా వండుకోవాలి. తింటే దాని లెక్క చెల్లదు.

నేను వాకిట్లో నా పొయ్యి మీద జొన్న గటక కలుపుకుంటుంటే మా అత్త బక్కవ్వ లోపలి నుంచి అన్నది: "చేన్ల పురుగును లెక్కవెట్టెతందుకు ఇంట్లకు పురుగును తెచ్చుకున్నం."

లోపల అందరూ నవ్వారు. నీ మరిది, నన్ను కట్టుకున్నవాడు కూడా.

47వ రోజు

ఇవాళ అంచు సాళ్ళు చూశాను. చేను చుట్టూ ఐదు సాళ్ళు ఒట్టి గింజ వేయాలి కదా, ఎర్ర సంచిలో వచ్చేది. లోపలంతా మందు గింజ, తిన్న పురుగు చచ్చేది, నీలం సంచిది. "పురుగుకు కొంచెం వదిలితేనే మనకు కొంత మిగులుతుంది" అని బడిలో వల్లె వేయించారు. ఎందుకు మిగులుతుందో పంతులు చెప్పలేదు, నేను అడగలేదు.

అంచు సాళ్ళలో ఒక్క పచ్చపురుగు లేదు. ఆకుకు చిల్లు లేదు, మొగ్గకు కన్నం లేదు. పక్క ఇళ్ళవాళ్ళ అంచులన్నీ జల్లెడలా ఉన్నాయి. మా ఇంటి చేను ఎంత శుభ్రంగా ఉందో అనుకున్నాను. సున్నా రాశాను. ఇంటికొచ్చి, ఎన్నడూ లేనిది నేనే నోరు తెరిచి, "అత్తా, అంచుల ఒక్క పురుగు లేదు" అన్నాను.

 ఆమె లోపలికి పోయి గిన్నెలో గడ్డపెరుగు తెచ్చి నా పొయ్యి పక్కన పెట్టింది.

"తిను" అన్నది.

"తినొద్దు గదా అత్తా."

"ఎవలు జూస్తున్నరు? బొక్కలు లేసినయ్ నీకు. తిను."

ఐదు నెలల్లో ఆమె నన్ను తినమన్న మొదటిసారి. తిన్నాను. గిన్నె నాకాను కూడా.

64వ రోజు

పూత మీద గుడ్డిపూలు కనబడ్డాయి. పువ్వు విప్పుకోదు. రెక్కల కొసలు ఒకదానికొకటి దారంతో కుట్టినట్టు ముడుచుకుని ఉంటాయి. ఇరవై పూలలో ఒకటి. విప్పి చూశాను, లోపల సన్నటి తెల్ల పురుగు, తల నల్లగా. ఇంకా రంగు రాలేదు.

గంగామణక్కకు చూపించాను. నా ముందు మూడు పంటలు ఈ చేనుకు లెక్క మనిషి ఆమే.

"ఎండకు ముడుసుకున్నది. పారెయ్" అన్నది. పారేయలేదు, కాల్చాను. లెక్క పుస్తకంలో ఒకటి అని రాశాను.

రాత్రి వండుకోబోతే నా పొయ్యిలో ఎవరో నీళ్ళు పోసి ఉన్నారు.

83వ రోజు

ఈ రోజు నుంచి పచ్చి కాయలు కోయాలి. ఇరవై కాయలు. పైన ఒక్క మచ్చ లేదు, అన్నీ నున్నగా, బరువుగా ఉన్నాయి. కత్తి పెట్టి చీలిస్తే నాలుగింటిలో గులాబీ పురుగు. గింజను లోపలి నుంచి తినేసి, దూది గోధుమ రంగుకు తిరిగి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి చిన్న కన్నం చేసుకుని పోయింది. రెండు దాటితే అదే పూట ఎర్రగుడ్డ కట్టాలి. కేంద్రం మనుషులు వచ్చి ఆ మడి కాలుస్తారు. వెంటనే చెప్పిన ఇంటికి తిండికి లోటు చేయరు, ఎవరినీ ఏమీ అనరు. అంత భయపడాల్సింది లేదు కదా అనుకుంటూ గుడ్డ కోసం కొట్టంలోకి పోయాను.

కొట్టంలో బర్రె కుడితి తొట్టిలో నానిన గింజలున్నాయి. పత్తి గింజలే. తొట్టి వెనక ఎర్ర సంచులు, మడత పెట్టి, ఐదు. ఒక సంచిలో ఇంకా సగం గింజ ఉంది.

తొట్టి పక్కన కూర్చుండిపోయాను. ఒట్టి గింజ బర్రెకు పెట్టారు. అంచు సాళ్ళలో కూడా మందు గింజే వేశారు. అందుకే అక్కడ పచ్చపురుగు లేదు. ఉండాల్సిన చోట పురుగు లేకపోతే నేను శుభ్రం అనుకున్నాను.

కూర్చుంటే బడిలో వల్లె వేసింది అప్పుడు అర్థమైంది. మందు గింజ తిని కూడా చావని పురుగు ఎక్కడో ఒకటి పుడుతుంది. అంచుల్లో ఒట్టి గింజ తిన్న మెత్తవి వందలుంటే, ఆ మొండిది పోయి మెత్తదాన్ని కలుస్తుంది. పిల్లలు మందుకు చస్తాయి. అంచుల్లో మెత్తవే లేకపోతే మొండిది మొండిదాన్నే కలుస్తుంది. మా చేనులో ఎన్ని పంటలుగా అదే జరుగుతోందో.

మా అత్త వాకిలికి అడ్డంగా నిలబడింది.

"చూసినవా?"

"ఎందుకేసినవత్తా?"

"పురుగుకు వాటా వంచుడేంది? అంచుల పురుగు తిన్న కాయలు జూసి దారెంట వోయెటోళ్ళు బక్కవ్వ చేను పురుగు చేను అని నవ్వుతరు. నా చేను మీద ఎవ్వలు నవ్వలే ఇంతవరకు."

"నాలుగు కాయలల్ల ఉన్నది. ఎర్రగుడ్డ కట్టాలె."

"కట్టు. మడి కాలవెట్టి ఊకుంటరా? అంచుల గూడ జూస్తరు. అంచులు జూస్తె మమ్ముల ఇల్లు ఇల్లంత వల బయట వారేస్తరు." ఆమె దగ్గరికొచ్చింది. గొంతు పెంచలేదు. "నువ్వు తిన్న పెరుగు ఈ బర్రెదే. ఈ గింజలదే. పెరుగు తిన్నదాని లెక్క చెల్లదు. తినకపోయుంటె నిన్ను నీ అక్క దగ్గరికి సాగనంపుదురు. ఇప్పుడు నువ్వు గూడ మాతోనే బయటికి."

నీ దగ్గరికి వచ్చే దారి ఒక గిన్నె పెరుగుతో మూసుకుపోయిందక్కా. ఆమె ఆ గిన్నె ఆకలి చూసి పెట్టలేదు.

లెక్క పుస్తకంలో రెండు అని రాశాను.

87వ రోజు

ఆరు. రెండు అని రాశాను.

నీ మరిది అడెల్లు చేను గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. పెళ్ళయ్యాక పగటిపూట నలుగురు చూసేలా నా పక్కన కూర్చోవడం ఇదే మొదలు. కోసిన కాయలు కాలితో మట్టిలోకి తొక్కాడు.

"రెండనే రాయి. ఇంక రెండు పంటలు ఓర్సుకో. అటెంక నువ్వు మా మనిషివైతవ్. ఒక్క కంచంల తిందం."

"అందరి చేన్లకు పాకుతది."

"పాకనీ. అందరికి పాకితె ఎవ్వల్ది ముందటిదో ఎవ్వలికి ఎరుక?"

అది అతనికి తోచిన మంచి ఉపాయం. నవ్వుతూ కూడా చెప్పాడు. ఆ నవ్వును ఇకనుంచి నమ్మను.

92వ రోజు

తొమ్మిది. రెండు అని రాశాను. పక్క చేను లెక్క కోడలు తన పుస్తకంలో ఒకటి అని రాసుకుంటూ ఏడుస్తోంది. ఆమె ఏ తప్పూ చేయలేదు. మా పురుగు అది.

మధ్యాహ్నం అటక మీద పాత గింజల బుట్ట దించాను. పోయిన ఏటి గింజ. చేత్తో కలియబెడితే జంట గింజలు తగిలాయి. రెండు గింజలు పక్కపక్కన అతికించినట్టు, మధ్యన సన్నటి దారం. విడదీస్తే లోపల పురుగు చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. ఏడాదిగా తిండీ నీళ్ళూ లేకుండా.

గంగామణక్క చూసి బుట్ట లాక్కుంది. "నేను మూడు పంటలు సున్నలే రాసిన. సున్న రాస్తె పెరుగు, ఒకటి రాస్తె తిట్లు. నీకేమన్న నాకన్న ఎక్కువ సదువొచ్చిందా?"

"ఈ గింజ ఎటు వోయిందక్కా?"

"వాళ్ళకు విత్తనం తక్కువవడ్డదని మిగిలిందంత మూడో పందిరికి వోయింది. పద్నాలుగు సంచులు. మీ అక్కోళ్ళ ఊరే గదా. ఏమనలే గదా వాళ్ళు?"

ఏమీ అనలేదు. మీరు మా తర్వాత విత్తారు, ఇంకా కాయ కోసి చూడలేదు కాబట్టి. ఇప్పుడు మీ చేనులో ఉన్నది మా గింజే అక్కా.

100వ రోజు

నూరో రోజు తనిఖీ. కేంద్రం నుంచి ఒక మేడం వచ్చింది. పెద్దచెవి స్తంభం కింద బల్ల వేశారు. పన్నెండు ఇళ్ళవాళ్ళూ చుట్టూ నిలబడ్డారు. మేడం ఒక్కో కోడలి పుస్తకం చూసి సంతకం పెడుతోంది. నా పుస్తకం తెరిచింది. రెండు, రెండు, రెండు. కలం ఎత్తింది.

 బల్ల దగ్గరికి పోయాను. పొద్దున కోసుకుని కొంగులో కట్టుకున్న ఇరవై కాయలు బల్ల మీద కుమ్మరించాను. వాటి మీద ఎర్ర సంచి పెట్టాను.

"ఏంటమ్మా ఇది?" అన్నది మేడం.

నోరు తెరిచాను. అందరూ నన్నే చూస్తున్నారు. గొంతులోంచి ఒక్క ముక్కే వచ్చింది.

"అంచు సాళ్ళల్ల పురుగు లేదు."

మా అత్త జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "దాని మాట వట్టుకోకున్రి. మా పెరుగు తిన్నది అది. గిన్నె నాకింది. దాని లెక్క చెల్లదు. కట్టుబాటు అందరికెరుకే."

చుట్టూ గుసగుసలు. ఎవరో "థూ" అన్నారు. నన్నే.

"తిన్నావా?" అన్నది మేడం.

తల ఊపాను.

"అయితే నీ లెక్క చెల్లదు." పుస్తకం మూసి పక్కన పెట్టింది.  అప్పుడామె నా కత్తి తీసి పిడి అటువైపు తిప్పి మా అత్తకు అందించింది. "మనిషి లెక్క చెల్లకపోతే కాయ చెల్లుతుంది. నువ్వు కొయ్యవ్వా. నీ చేను కాయలే."

బక్కవ్వ వెనక్కి పోలేదు. ఆమె సంగతి నాకు తెలుసు, అందరూ చూస్తుంటే చస్తే పోదు. కూర్చుని కోసింది. మొదటిది తెల్లగా ఉంది. "చూడున్రి" అన్నది. రెండోది కూడా తెల్లగానే ఉంది. మూడో కాయలోంచి గులాబీ పురుగు ఆమె బొటనవేలి మీదికి పాకింది. దులిపేసుకుని ఇంకోటి తీసింది. ఎక్కడా ఆపలేదు. ఇరవయ్యో కాయ అయ్యేసరికి పదమూడు పురుగులు బల్ల మీద పాకుతున్నాయి.  

మేడం అంచు సాళ్ళలో ఆకు తెంపి, నలిపి, నీళ్ళలో కలిపి కాగితం ముక్క ముంచింది. ఒట్టి గింజ ఆకైతే ఒక గీత రావాలి. రెండు వచ్చాయి.

101వ రోజు

పెద్దలు చెప్పేశారు. మా మడి, పక్క మడి కాలుస్తారు. మా ఇంటిల్లిపాదీ ఎల్లుండి వల బయటికి. దొంగ లెక్క రాసిన ఇద్దరు కోడళ్ళం, నేనూ గంగామణక్కా, వాళ్ళతోనే. బయటికి పోయిన ఇంటినుంచి ఏ పందిరికీ ఏదీ వెళ్ళకూడదు. మీ ఊరికి పోయిన గింజల సంగతి మేడంకు చెప్పాను. రాసుకుంది. కేంద్రం నుంచి మనుషులు మీ దాకా రావడానికి నెల పడుతుందట. నెలలో మీ కాయల్లో పురుగులకు రెక్కలొస్తాయి.

నీళ్ళకు పోతే దారిలో పందిరి గీకిన మసినీళ్ళు నా మీద పోశారు. పోసింది పక్క చేను లెక్క కోడలు. ఆమె చేను కూడా కాలుతోంది మరి. తుడుచుకోలేదు. బిందె నింపుకుని వచ్చాను.

గంగామణక్క నన్ను కొట్టింది. నేను తిరిగి కొట్టాను. ఇది నువ్వు నమ్మవు.

102వ రోజు

పాత వల చింపి ముఖానికి కట్టుకునే గుడ్డలు చేస్తోంది మా అత్త. కొడుకులకు రెండు, పెద్ద కోడలికి ఒకటి, తనకొకటి. నాలుగు మడతలు, మూలలకు దారాలు. నేను వాకిట్లో నా పొయ్యి దగ్గర ఊరికే కూర్చున్నాను. ఇవాళ రేషను రాలేదు. ఇక రాదు.

వాళ్ళ మీద నాకు జాలి లేదు. వాళ్ళకూ నా మీద లేదు. రేపటి నుంచి ఒకే గుడిసె, దాని చుట్టూ తెల్లదోమ.

చీకటి పడక ముందే ఆమె బయటికొచ్చింది. ఐదో గుడ్డ నా ఒళ్ళోకి విసిరింది. తర్వాత వాళ్ళ కుండలోంచే మెతుకులు, కారం కంచంలో వేసి నా ముందు పెట్టింది. పెట్టింది అనకూడదు. కంచం నేలకు తగిలి మోగింది.

"తిను. ఇంక నిన్నెవలు సాకుతరు?"

నేను చెయ్యి పెట్టలేదు.

"బయట గుడిసెలోళ్ళు గూడ పత్తి పెడ్తరు, గుడ్డకోసం. ఆడ గూడ నువ్వే కొయ్యాలె కాయలు. ఇంక రెండు పంటలున్నయ్ నీకు." లోపలికి పోబోయి ఆగింది. "నన్ను గీ గతికి తెచ్చినదానివి. నా కండ్లముంగటనే ఉండు."

తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. మళ్ళీ పెట్టమని అడగలేదు.

అక్కా, పుస్తకంలోవి ఇక్కడితో అయిపోయాయి. రేపు వల దాటితే మా నుంచి ఏదీ రాదు, అందుకే ఈ రాత్రే పంపుతున్నాను. ఇప్పుడు నీ పని.

ఈ కాగితం లోపల మైనంలో పొదిగి ఒక జంట గింజ పెట్టాను. అటక మీద బుట్టలోది. వేళ్ళతో తడిమి చూడు, మధ్యన గరుకుగా దారం తగులుతుంది. అది ఎట్లా ఉంటుందో మాటల్లో చెప్పడం నాకు రాక పంపుతున్నాను. మీరు విత్తగా మిగిలిన గింజల్లో అట్లాంటివి ఉంటాయి. మొత్తం కాల్చు, బర్రెకు పెట్టకు. రేపే ఇరవై కాయలు కోయి. పైకి బాగున్నవే కోయి. మీ అంచు సాళ్ళలో పచ్చపురుగు ఉందో లేదో చూడు. ఉంటే సంతోషించు. మీ లెక్క కోడలు ఎవరో నాకు తెలియదు, దానికి కడుపునిండా పెట్టు. పెట్టి ఏమీ అడగకు.

గింజలో పురుగును సూదితో పొడిచాను. చచ్చిందనే అనుకుంటున్నాను. అంచు సాళ్ళు శుభ్రంగా ఉన్నాయని కూడా నేనే అనుకున్నాను, కాబట్టి నా అనుకోవడాన్ని నమ్మకు. మైనం ఊడదీయకు, దాచుకోకు, చెల్లెలి చేతిరాత అని పెట్టెలో పెట్టుకోకు. తడిమి చూసిన వెంటనే గింజతో సహా ఈ ఉత్తరం పొయ్యిలో వెయ్యి. బూడిద అయ్యేదాకా అక్కడే నిలబడు.

— సాయవ్వ